గోదావరి డెల్టా నుంచి ఆఫ్రికా రాజకీయాల పరిశోధనకు: దారి తెలుసుకోవాలనుకునే విద్యార్థుల కోసం

గోదావరి జిల్లాల డిగ్రీ కళాశాలల్లో రాజనీతిశాస్త్రమో చరిత్రో చదివే విద్యార్థిని చదువయ్యాక ఏం చేస్తావని అడిగితే గ్రూప్స్, సివిల్స్, బీఈడీ, బ్యాంకు పరీక్షలు అనే సమాధానాలే ఎక్కువగా వస్తాయి. ఆఫ్రికా దేశాల రాజకీయాలను, అక్కడి సాయుధ సంఘర్షణలను అధ్యయనం చేయడం కూడా జీవితకాలం చేయదగిన వృత్తి అని, దానికి రాజమహేంద్రవరం నుంచో అమలాపురం నుంచో బయలుదేరవచ్చని చెప్పేవారు అరుదు. అలా బయలుదేరదలచినవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. డిగ్రీ చివరి ఏడాది నుంచి పీహెచ్‌డీ పూర్తయ్యేదాకా ఎనిమిది, తొమ్మిదేళ్లు పట్టే దారి ఇది. ఇందులో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది ఏ విశ్వవిద్యాలయంలో చేరాలన్నది కాదు, ఏ ప్రశ్నకు సమాధానం వెతకాలన్నది. ప్రశ్న ఇరుకుగా, స్పష్టంగా ఉంటే దేశం, భాష, గైడు, పద్ధతి అన్నీ దాన్ని బట్టి నిర్ణయమవుతాయి. ప్రశ్న లేకుండా ప్రవేశపరీక్షతో మొదలుపెట్టినవారు మూడో ఏడాదిలో సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) మార్చుకుంటూ ఇబ్బంది పడతారు.

‘ఆఫ్రికా మీద పరిశోధన చేస్తాను’ అంటే ఇంకా ఏమీ చెప్పనట్టే. ఆఫ్రికా యూనియన్‌లో 55 సభ్యదేశాలున్నాయి. 1966లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి క్రమం తప్పకుండా ఎన్నికలు జరుపుకుంటూ, 2024లో ఓడిపోయిన పాలకపక్షం శాంతియుతంగా అధికారం అప్పగించిన బోట్స్వానా అందులోనిదే. 2023 ఏప్రిల్ 15 నుంచి సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే అర్ధసైనిక దళానికీ మధ్య యుద్ధంలో నలిగిపోతున్న సూడాన్ కూడా అందులోనిదే. ఈ రెండిటినీ ఒకే వాక్యంలో కలిపి ‘ఆఫ్రికాలో ప్రజాస్వామ్యం’ అని రాయడం మొదలుపెడితే ఆ వాక్యంలో నిజం మిగలదు. అందుచేత మొదటి ఏడాది పూర్తయ్యేలోగా ఒక దేశాన్నో, ఒక సరిహద్దు ప్రాంతాన్నో ఎంచుకోండి.

ప్రశ్నను ఎక్కడ వెతకాలి

మన ప్రాంతం నుంచి చూస్తే కనిపించే ప్రశ్నలతో మొదలుపెట్టమని నా సలహా. డెల్టాకూ ఆఫ్రికాకూ సంబంధం ఏమిటని అనుకోవచ్చు గానీ, ఆ సంబంధం నిన్న మొన్నటిది కాదు.

బియ్యం సంగతి తీసుకుందాం. బాస్మతీయేతర బియ్యం ఎగుమతిలో కాకినాడ రేవు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. అక్కడ ఓడలకెక్కే బియ్యంలో పెద్ద భాగం పశ్చిమ ఆఫ్రికా రేవులకు వెళుతుంది. వాటిలో ఒకటి బెనిన్ దేశపు కోటోను. బెనిన్ దిగుమతి చేసుకునే బియ్యం ఆ దేశ ప్రజలు తినగలిగినదానికంటే చాలా ఎక్కువ. మిగిలినదంతా, ముఖ్యంగా ఉప్పుడు బియ్యం, అనధికార దారుల్లో పక్కనున్న నైజీరియాకు చేరుతుంది. నైజీరియా ప్రభుత్వం స్వదేశీ వరి సాగును పెంచాలని 2019 ఆగస్టులో భూసరిహద్దులను మూసివేసి, 2020 డిసెంబరులో తిరిగి తెరిచింది. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆరు రోజులకు, జులై 26న, బెనిన్‌కు ఉత్తరాన ఉన్న నైజర్‌లో సైనిక తిరుగుబాటు జరిగింది. పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ ఆంక్షలు విధించడంతో సముద్రతీరం లేని నైజర్‌కు కోటోను నుంచి వెళ్లే దారి మూతపడింది. ఆ తరువాతి నెలలో మన ప్రభుత్వం ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. ఈ సంఘటనలన్నీ ఒకదానికొకటి కారణాలని నేను అనడం లేదు. అయితే ఇవన్నీ కలిసే చోట, అంటే సరిహద్దు సంతల్లో, ఎన్నో పరిశోధన ప్రశ్నలున్నాయి. సరిహద్దు మూసినప్పుడు అక్కడి ప్రజలకు ప్రభుత్వం మీద నమ్మకం ఎలా మారుతుంది? ఆహారం రవాణా అయ్యే రోడ్డు మీద సాయుధ ముఠా పట్టు సాధిస్తే రుసుము ఎవరు వసూలు చేస్తారు, దానికి బదులుగా ఏ రక్షణ ఇస్తారు? మిల్లర్లు, ఎగుమతిదారులు, షిప్పింగ్ ఏజెంట్లు మీ ఊరికి దగ్గరలోనే ఉన్నారు కాబట్టి ఈ గొలుసులో సగం భాగాన్ని మీరు విమానం ఎక్కకుండానే అధ్యయనం చేయగలరు. ఢిల్లీలోని పరిశోధకుడికి అంత సులభంగా దొరకని సౌలభ్యం ఇది.

రెండో ప్రశ్న సహజవాయువుకు సంబంధించినది. కోనసీమవాసులకు 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి ఎగజిమ్మి మండిన బ్లోఅవుట్ గుర్తుంది. ఆ మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న కోనసీమలోనే నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఊళ్లోని మనుషులు కాలిపోయారు. ఇక నైజీరియా దక్షిణాన ఉన్న నైజర్ నది డెల్టాలో 1956లో ఓలోయిబిరి అనే ఊరి దగ్గర చమురు దొరికింది. ఆ తరువాత చమురు ఒలికి నేలా, వాగులూ, చేపలవేటా దెబ్బతినడంతో ఓగోని ప్రజలు ఉద్యమించారు. వారి నాయకుడు, రచయిత కెన్ సారో-వివాను, మరో ఎనిమిది మందిని సైనిక ప్రభుత్వం 1995 నవంబరు 10న ఉరితీసింది. 2000ల మధ్యనాటికి అదే డెల్టాలో సాయుధ దళాలు పైపులైన్లు పేల్చి, చమురు సిబ్బందిని అపహరించాయి. 2009లో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది.

రెండూ డెల్టాలే. రెండింటిలోనూ భూమి కింది సంపద బయటికి పోతోందన్న ఆవేదన ఉంది. ఒక చోట జనం ఆయుధాలు పట్టారు, మరోచోట పట్టలేదు. ఎందుకు? సంఘర్షణ అధ్యయనంలో తరచుగా జరిగే పొరపాటు ఏమిటంటే హింస జరిగిన చోట్లనే ఎంచుకుని, అక్కడ కనిపించిన పేదరికాన్నో జాతి వైవిధ్యాన్నో కారణంగా చెప్పడం. అవే లక్షణాలుండి కూడా హింస జరగని ప్రాంతాన్ని పక్కన పెట్టి చూస్తేనే ఆ కారణం నిలుస్తుందో లేదో తెలుస్తుంది. ఈ పోలికలో చూడవలసిన అంశాలు చాలా ఉన్నాయి: సైనిక పాలనకూ ఎన్నికల రాజకీయానికీ ఉన్న తేడా, చమురు ఒలికిన తీవ్రతలోని తేడా, ఆదాయ పంపకం. నైజీరియాలో స్వాతంత్ర్యం నాటికి చమురు, ఖనిజాల ఆదాయంలో 50 శాతం అవి దొరికిన ప్రాంతానికి దక్కేది. సైనిక ప్రభుత్వాల కాలంలో ఆ వాటా బాగా కుదించుకుపోయి, 1999 రాజ్యాంగంలో కనీసం 13 శాతంగా స్థిరపడింది. మన దేశంలో భూభాగం మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి, సముద్రంలోని బావులది కేంద్రానికి పోతుంది. గ్రామానికి ఏం మిగిలింది అనే ప్రశ్న రెండు చోట్లా అడగదగినదే. ఈ పోలికను పూర్తి స్థాయిలో చేసే తెలుగు పరిశోధకుడు వస్తే నేను చాలా సంతోషిస్తాను.

ఇదే తరహా ప్రశ్న మొజాంబిక్‌లోని కాబో డెల్గాడోలోనూ ఉంది. అక్కడ 2017 అక్టోబరులో మొసింబోవా ద ప్రాయా పట్టణంపై దాడితో తిరుగుబాటు మొదలైంది. 2021 మార్చిలో పాల్మా మీద దాడి తరువాత భారీ గ్యాస్ ప్రాజెక్టు పని ఆగిపోయింది. ఆ గ్యాస్ బ్లాకులో భారత ప్రభుత్వరంగ సంస్థలకు మొత్తం 30 శాతం వాటా ఉంది.

మూడోది వలస చరిత్ర. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్లిన ట్రూరో ఓడ ఇప్పటి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతానికి వెళ్లారు. వారిలో గోదావరి, విశాఖపట్నం, కృష్ణా జిల్లాల తెలుగువారు ఉన్నారు. మారిషస్‌కు వెళ్లిన తెలుగువారిలో కొందరు తాళ్లరేవు పక్కనున్న కోరంగి రేవులోనే ఓడ ఎక్కారు. నేటాల్ ఓడల జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం నమోదై ఉంటాయి. గ్రామాల పేర్లు ఇంగ్లీషు గుమాస్తాల చెవికి వినిపించిన తీరులో రాసి ఉన్నందువల్ల వాటిని గుర్తుపట్టడం ఈ ప్రాంతం తెలిసినవారికే సాధ్యం. ఇది చరిత్రకారుల పనే అనుకోనక్కరలేదు. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య జరిగిన అల్లర్లు, 2021 జులైలో క్వాజులు-నేటాల్, గౌటెంగ్ రాష్ట్రాల్లో 300 మందికి పైగా చనిపోయిన అల్లర్లు, ఆ సమయంలో డర్బన్ శివారు ఫీనిక్స్‌లో జరిగిన హత్యలు సంఘర్షణ అధ్యయనానికి సూటిగా సంబంధించినవి. ఫీనిక్స్ వర్ణవివక్ష కాలంలో భారతీయుల కోసం వేరుగా కట్టిన ఊరని తెలియకుండా 2021 అర్థం కాదు.

ఎవరిని ముందు చదవాలి

ఆఫ్రికా గురించి ఆఫ్రికా పండితులు రాసినదానితో మొదలుపెట్టండి. లండన్‌లోనో వాషింగ్టన్‌లోనో తయారైన నివేదికలు ఇంటర్నెట్‌లో ముందుగా దొరుకుతాయి కాబట్టి విద్యార్థులు వాటినే చదివి, వాటి చూపునే తమ చూపుగా చేసుకుంటారు. దీన్ని మొదట్లోనే సరిచేసుకోవాలి. నైజీరియాకు చెందిన పీటర్ ఎకే 1975లో రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగినది. వలసపాలన వల్ల ఆఫ్రికాలో ఒకటికి బదులు రెండు ప్రజాక్షేత్రాలు ఏర్పడ్డాయని ఆయన వాదన. తన జాతి, తన ఊరివాళ్ల సంఘానికి చెందిన క్షేత్రంలో మనిషి నీతికి కట్టుబడతాడు, ప్రభుత్వమనే క్షేత్రంలో ఆ కట్టుబాటు ఉండదు. సంఘం సొమ్ము తిన్నవాణ్ణి వెలివేసే జనమే ప్రభుత్వ సొమ్ము తిన్నవాణ్ణి మెచ్చుకోవడం ఎలా సాధ్యమో దీంతో అర్థమవుతుంది. మన కులసంఘాల, గుడి కమిటీల, పంచాయతీల నిధుల విషయం గుర్తొచ్చి ఇది మనకూ వర్తిస్తుందని వెంటనే అనిపిస్తుంది. కానీ ఎకే ఆ విభజనను వలసపాలన చరిత్రలో నిలబెట్టి చూపించాడు కాబట్టి ఆ చరిత్రను మనకు మనం విడిగా రుజువు చేసుకున్న తరువాతే ఆ మాట అనాలి.

మహ్మూద్ మమ్దానీ ముంబయిలో పుట్టి కంపాలాలో పెరిగిన పండితుడు, 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియావాసులను వెళ్లగొట్టినప్పుడు దేశం విడిచినవారిలో ఒకరు. బ్రిటిషువారు పట్టణాల్లో చట్టంతోనూ, పల్లెల్లో ‘సంప్రదాయ’ నాయకుల ద్వారానూ పాలించి, నగరవాసిని పౌరుడిగా, పల్లెవాసిని తెగనాయకుడి కింద ప్రజగా విడదీశారని, స్వాతంత్ర్యం తరువాత కూడా ఆ విభజన చెరిగిపోలేదని ఆయన చూపించారు. మన ఏజెన్సీలోని రంపలో ముఠాదారుల (కొండ గ్రామాల సముదాయాలకు పెద్దల) ద్వారా సాగిన పాలన గురించి, 1879-80 నాటి రంప తిరుగుబాటు గురించి తెలిసిన విద్యార్థికి ఈ వాదన ఇతరులకంటే త్వరగా ఒంటబడుతుంది. డెల్టాలో రైత్వారీ, జమీందారీ, ఎగువన ఏజెన్సీలో వేరే పాలన అనే మన జిల్లా చరిత్రను ఒకసారి చదువుకుని మమ్దానీని తెరవండి. ఆ పైన క్లాడ్ అకే, థాండికా మ్కందవిరేలను చదవండి. ఆఫ్రికా రాజ్యాల వైఫల్యాన్నంతా నాయకుల ఆశ్రిత పక్షపాతంతో వివరించే ధోరణిని మ్కందవిరే గట్టిగా ప్రశ్నించారు. 1973లో సెనెగల్‌లోని డకార్ కేంద్రంగా ఏర్పడిన కొడెస్రియా అనే పరిశోధన మండలి ప్రచురణల్లో చాలావాటిని ఉచితంగా చదువుకోవచ్చు.

భాష విషయంలో రాజీ పడకండి. సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సహేల్ దేశాలైతే ఫ్రెంచి, సూడాన్ అయితే అరబిక్, మొజాంబిక్ అయితే పోర్చుగీసు, తూర్పు ఆఫ్రికా అయితే స్వాహిలి. ఇంగ్లీషు చాలు అనేవారు రాజధానిలో అధికారులతో మాట్లాడి తిరిగి వస్తారు, సంతలోని మనిషి మాట వారికి చేరదు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం మన పక్కనే ఉంది, అక్కడ ఫ్రెంచి తెలిసిన పెద్దల దగ్గర కూర్చుని మాట్లాడే అలవాటు చేసుకోవచ్చు. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి, అరబిక్ పద్ధతిగా నేర్పుతారు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆఫ్రికా అధ్యయన విభాగంలో స్వాహిలి కోర్సులున్నాయి. బీబీసీ స్వాహిలి, హౌసా వార్తలు, ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్ఐ ఫ్రెంచి వార్తలు రోజూ వినండి. పీహెచ్‌డీలో చేరాక నేర్చుకుందామని వాయిదా వేస్తే క్షేత్రానికి వెళ్లే నాటికి భాష రాదు.

లెక్కలు, వాటి వెనుక ఉన్నవి

సంఘర్షణల మీద రాసేవారు రెండు సమాచార భాండారాలను తప్పక వాడతారు. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం నిర్వహించే యూసీడీపీ లెక్కలో, ఒక వైపు ప్రభుత్వం ఉండి, అధికారం కోసమో భూభాగం కోసమో జరిగే పోరులో ఒక ఏడాదిలో కనీసం 25 మంది మరణిస్తే అది సాయుధ సంఘర్షణ, మృతులు 1,000కి చేరితే యుద్ధం. ఏక్లెడ్ అనే మరో సంస్థ మరణాలు లేని నిరసనలనూ, అల్లర్లనూ కూడా నమోదు చేస్తుంది, ఆఫ్రికా మీద దాని సమాచారం 1997 నుంచి ఉంది. ఒకే దేశం, ఒకే ఏడాది గురించి ఈ రెండూ వేర్వేరు అంకెలు ఇవ్వడంలో ఆశ్చర్యం లేదు. నిర్వచనాలు వేరు, ఆధారాలు వేరు. రెండిటికీ పత్రికా వార్తలు ముఖ్యమైన ఆధారం కాబట్టి విలేఖరి వెళ్లలేని చోట జరిగిన హింస తక్కువగా నమోదవుతుంది. ఫోన్ టవరు వచ్చిన ఏడాది నుంచి ఒక జిల్లాలో సంఘటనలు పెరిగినట్టు కనిపిస్తే పెరిగింది హింసా, వార్తలా అని అడగాలి.

దీన్ని పుస్తకంలో చదివితే సగమే అర్థమవుతుంది. అందుకని ఒక అభ్యాసం సూచిస్తాను. జిల్లా పేరు మార్పు వివాదంలో 2022 మే 24న అమలాపురంలో హింస జరిగింది, ఇళ్లు తగలబెట్టారు. ఆ రోజు సంఘటనల మీద మూడు, నాలుగు పత్రికల జిల్లా ఎడిషన్లు తెచ్చుకుని, ఏక్లెడ్ నియమావళి ప్రకారం మీరే నమోదు చేయండి. ఎన్ని సంఘటనలు? ఒకటా, ఐదా? పాల్గొన్నవారిని ఏమని రాశారు: ఆందోళనకారులనా, అల్లరిమూకలనా, ఒక కులం పేరు పెట్టా? గాయపడినవారి సంఖ్య ఏ పత్రికలో ఎంత? పక్కన ఇద్దరు మిత్రులను కూర్చోబెట్టుకుని విడివిడిగా నమోదు చేసి, తరువాత పోల్చి చూడండి. మనకు బాగా తెలిసిన ఊళ్లో, మన సొంత భాషలో వచ్చిన వార్తల నుంచి ఇంత తేడా వస్తే, ఎన్నడూ చూడని కాంగోలోని ఇటురి గురించో సూడాన్‌లోని డార్ఫుర్ గురించో ఉన్న అంకెను ఎంత జాగ్రత్తగా వాడాలో అప్పుడు తెలుస్తుంది. ఈ పని చేసేటప్పుడు ఆ సంఘటనలో బాధపడినవారు ఇప్పటికీ మన ఇరుగుపొరుగువారేనన్న స్పృహ ఉండాలి.

ప్రజాభిప్రాయం కోసం 1999 నుంచి అనేక దేశాల్లో ఇంటింటి సర్వేలు చేస్తున్న ఆఫ్రోబారోమీటర్ సమాచారం ఉచితంగా దొరుకుతుంది. ‘ఆర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పట్టికలు వేయడం నేర్చుకుంటే చాలు. న్యూఢిల్లీలోని జాతీయ అభిలేఖాలయంలో మన విదేశాంగశాఖ పాత ఫైళ్లున్నాయి. 1960-64లో కాంగోలో ఐక్యరాజ్యసమితి తరఫున భారత సైన్యం పనిచేసిన కాలం మీద ఆసక్తి ఉన్నవారికి అక్కడ చాలా సామగ్రి ఉంది. అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో జాబితా వెతికి, కావలసిన ఫైలు సంఖ్యలు రాసుకుని ఢిల్లీ వెళితే రోజులు వృథా కావు.

చేరడం, గైడును వెతకడం, డబ్బు

ఎంఏకు జేఎన్‌యూ, ఢిల్లీ విశ్వవిద్యాలయం, హైదరాబాదు విశ్వవిద్యాలయం, జామియా మిల్లియాలోని నెల్సన్ మండేలా కేంద్రం ఆలోచించదగినవి. ఆఫ్రికా అధ్యయనానికి ప్రత్యేక విభాగాలు ఢిల్లీలో 1955 నుంచి, ముంబయి విశ్వవిద్యాలయంలో 1971 నుంచి ఉన్నాయి, జేఎన్‌యూలోనూ ఉంది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలోనో ఆంధ్రా విశ్వవిద్యాలయంలోనో రాజనీతిశాస్త్రం చదివినా నష్టం లేదు, దానితో పాటు భాష, పఠనం సొంతంగా సాగించాలి. నెట్ పరీక్షలో రాజనీతిశాస్త్రంతో పాటు ఇంటర్నేషనల్ అండ్ ఏరియా స్టడీస్ అనే సబ్జెక్టు కూడా ఉంది. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తరువాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. షెడ్యూల్డ్ కులాలవారికి, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, ఏడాదికి 8 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉంటే, విదేశీ విశ్వవిద్యాలయంలో చదవడానికి కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. డెల్టాలో దీనికి అర్హులైనవారు ఎందరో ఉన్నా, ఆ సంగతి వారి దాకా చేరడం లేదని నా బాధ. విదేశం అనగానే లండన్ ఒక్కటే గుర్తుకు రానక్కరలేదు. కంపాలాలోని మకెరెరె, కేప్‌టౌన్, నైజీరియాలోని ఇబదాన్, శాంతి, భద్రత అంశాల అధ్యయనానికి ఇథియోపియాలోని అడిస్ అబాబా విశ్వవిద్యాలయం కూడా చూడండి.

గైడుకు ఉత్తరం రాసేముందు ఆయన లేదా ఆమె వ్యాసాలు రెండైనా చదవండి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు: ప్రశ్న, ఎందుకు ముఖ్యం, ఏ ఆధారాలు, మీకు ఏ భాష వచ్చు. ‘సహేల్‌లో ఉగ్రవాదం, భారతదేశ పాత్ర’ అనే శీర్షిక పెడితే చదివేవారికి మీ గురించి ఏమీ తెలియదు. ‘2019-20 సరిహద్దు మూసివేత కాలంలో బెనిన్-నైజీరియా సరిహద్దు సంతల్లో బియ్యం వర్తకులు, సరిహద్దు సిబ్బంది మధ్య బేరసారాలు’ అంటే కాలం, చోటు, మనుషులు, సంబంధం అన్నీ తెలుస్తాయి. ఆ గైడు దగ్గర ఇంతకుముందు చేసిన విద్యార్థులతో కూడా మాట్లాడండి. అధ్యాయాలు ఎన్నాళ్లలో చదివి ఇస్తారు, క్షేత్రానికి వెళ్లడానికి ప్రోత్సహిస్తారా అన్నవి వారే చెప్పగలరు.

ఇంట్లో మాట్లాడవలసిన విషయం ఒకటుంది. అమ్మానాన్నలకు భయం సహజం, యుద్ధాలు జరిగే చోటికి పంపుతున్నామనుకుంటారు. ఏ దేశంలో ఏ ఊరు, అక్కడ ఎవరి అండ ఉంటుంది, నెలకు ఎంత వస్తుంది, ఎన్నేళ్లకు పూర్తవుతుంది అన్నవి కాగితం మీద రాసి చూపించండి. ముఖ్యంగా అమ్మాయిల విషయంలో ఈ సంభాషణను బంధువుల మాటలకు వదిలిపెట్టకుండా మీరే ముందుగా జరపాలి.

క్షేత్రంలో

చాలా దేశాల్లో పరిశోధనకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. కెన్యాలో నాకోస్టి, ఉగాండాలో యూఎన్‌సీఎస్‌టీ, టాంజానియాలో కోస్టెక్ అనే సంస్థలు ఇస్తాయి. పర్యాటక వీసా మీద వెళ్లి ఇంటర్వ్యూలు చేయకండి. పట్టుబడితే మీకంటే మీతో మాట్లాడినవారికే ఎక్కువ ప్రమాదం. స్థానిక విశ్వవిద్యాలయంతో అనుబంధం ఉంటే అనుమతి త్వరగా వస్తుంది, దానికి ఆరునెలల ముందే ఉత్తరాలు మొదలుపెట్టాలి. పసుపు జ్వరం టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. వేసిన పది రోజుల తరువాతే సర్టిఫికెట్ చెల్లుబాటవుతుంది, అది లేకుండా ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి తిరిగివస్తే ఇక్కడి విమానాశ్రయంలో క్వారంటైన్‌కు పంపుతారు.

యుద్ధం మధ్యలోకి విద్యార్థి వెళ్లకూడదు. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. అక్కడ మీరు చేరడం వల్ల డ్రైవరు, దుబాసీ, ఆశ్రయమిచ్చిన కుటుంబం ప్రమాదంలో పడతారు, మీకు పాస్‌పోర్టు ఉంది, వారికి అది ఉండకపోవచ్చు. యుద్ధం నుంచి తప్పించుకుని పొరుగు దేశానికి వచ్చినవారితో, రాజధానిలోని స్థానిక పరిశోధకులతో, పత్రికల పాత సంచికలతో మంచి పరిశోధన చేయవచ్చు.

బాధితులతో మాట్లాడేటప్పుడు ‘ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి’ అని అడగవద్దు. రువాండాలో 1994 మారణకాండ నుంచి బయటపడినవారిని ఎన్నో దేశాల పరిశోధకులు అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడిగారు. ఇదివరకే నమోదైన వాంగ్మూలాలు ఉంటే ముందు వాటిని చదివి, కొత్తగా అడగవలసిన అవసరం నిజంగా ఉందా అని తేల్చుకోండి. అడిగితే వారు ఎక్కడ ఆపితే అక్కడ ఆగండి. నోటుపుస్తకంలో పేర్లకు బదులు గుర్తులు రాయండి, ఏ గుర్తు ఎవరిదో చెప్పే జాబితాను వేరేచోట ఉంచండి, ఫోన్‌లో రికార్డింగులు దాచకండి. పేరు మార్చినా ఊరు, వయసు, పదవి కలిపి రాస్తే మనిషి తెలిసిపోతాడు. మీతో తిరిగే స్థానిక సహాయకుడికి అక్కడి విశ్వవిద్యాలయం ఇచ్చే రేటుకు తక్కువ కాకుండా చెల్లించండి, అతను ఇష్టపడితే వ్యాసంలో సహరచయితగా పేరు పెట్టండి.

రాయడం, ఆ తరువాత

మొదటి వ్యాసాన్ని రెండో ఏడాదిలోనే రాసి, భారతదేశపు ఆఫ్రికా అధ్యయన సంఘం సమావేశాల్లో చదవండి. ఆ సంఘం పత్రిక ‘ఆఫ్రికా రివ్యూ’, కొడెస్రియా వారి ‘ఆఫ్రికా డెవలప్‌మెంట్’ మొదటి ప్రయత్నానికి తగినవి. డబ్బు కట్టించుకుని పదిరోజుల్లో అచ్చువేస్తామనే పత్రికలకు పంపవద్దు. యూజీసీ తాను ఆమోదించిన పత్రికల పేర్లిచ్చే కేర్ జాబితాను 2025లో ఆపేసింది కాబట్టి పత్రిక మంచిచెడ్డలు ఇప్పుడు మీరే చూసుకోవాలి. సంపాదకవర్గంలో ఎవరున్నారు, మీరు చదివిన పుస్తకాల్లో ఆ పత్రిక వ్యాసాలు ఉటంకించారా అన్నవి చూస్తే చాలావరకు తేలిపోతుంది. 2022 నిబంధనల తరువాత థీసిస్ సమర్పించడానికి ప్రచురణ తప్పనిసరి కాదు, కానీ ఉద్యోగానికి అవసరం.

ఉద్యోగాల గురించి దాపరికం లేకుండా చెప్పాలి. ఆఫ్రికా అధ్యయన విభాగాల్లో ఖాళీలు చాలా తక్కువ. రాజనీతిశాస్త్ర అధ్యాపకులుగా చేరి, పాఠ్యప్రణాళికలోని అంతర్జాతీయ సంబంధాల పేపరు ద్వారా ఈ విషయాన్ని బోధించేవారే ఎక్కువమంది ఉంటారు. అందుకని పీహెచ్‌డీ ఏ విభాగంలో ఉన్నా భారత రాజకీయాలు, రాజకీయ సిద్ధాంతం బోధించగలిగేలా తయారుకండి. ఢిల్లీలోని రక్షణ అధ్యయన సంస్థ ఎంపీ-ఐడీఎస్ఏ, సప్రూ హౌస్‌లోని ప్రపంచ వ్యవహారాల మండలి, ప్రిటోరియాలోని భద్రతా అధ్యయన సంస్థ ఐఎస్ఎస్ వంటి చోట్ల పరిశోధకుల పోస్టులు ఉంటాయి, వాటిలో ఫ్రెంచి లేదా అరబిక్ వచ్చినవారికి అవకాశం ఎక్కువ. వాణిజ్య సంస్థలు, ఎగుమతిదారులు దేశ పరిస్థితుల విశ్లేషణ కోసం అడుగుతారు. చేయవచ్చు గానీ, పరిశోధన కోసం మీకు నమ్మకంగా చెప్పిన మాటలను అక్కడ వాడకూడదు.

థీసిస్ సమర్పించిన తరువాత దాని ప్రతిని భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండారం శోధ్‌గంగలో మాత్రమే ఉంచి ఊరుకోకండి. క్షేత్ర పరిశోధనకు అనుమతి ఇచ్చిన సంస్థకు, ఆశ్రయమిచ్చిన విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఒక్కో ప్రతి పంపండి. ముఖ్యాంశాలను పది పేజీల్లో ఫ్రెంచిలోనో స్వాహిలిలోనో రాసి, మాట్లాడినవారి సంఘాలకు చేర్చండి. అవే పది పేజీలు తెలుగులో రాసి రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయానికి, మీరు చదివిన కళాశాల గ్రంథాలయానికి ఇవ్వండి.